టీవీలో విచ్చుకున్న పత్తికాయ

ఆ రోజుల్లో మా చిలకలూరిపేటలో కంప్యూటర్‌ని కళ్లతో చూసినవాళ్లు లేరు గానీ, ఆ మాట వాడనివాళ్లు కూడా లేరు. కళ్లజోళ్ల కొట్టు బోర్డు మీదికి అది ఎక్కింది. జాతకాలు చెప్పే ఆయన గోడ మీదికీ ఎక్కింది. అవతలివాడు ఎంతకీ మెత్తబడకపోతే ఆ మాట ఒకటి బేరం మధ్యలో పడేస్తే చాలు, కాసేపు నోరు తెరిచేవాడు కాదు. నేను దాన్ని అలాగే పడేశాను. పడేశాక ఏం జరిగిందో చెప్పే ముందు, నేను ఎలాంటి ఇంట్లో పుట్టానో చెప్పాలి. మా నాన్నది కిరాణా కొట్టు. ఎండుమిరపకాయల బస్తాలకూ బెల్లం దిమ్మలకూ మధ్య పెరిగాను. మా ఇంట్లో అన్నం దగ్గర కూడా బేరమే నడిచేది. ఇంకాస్త వేసుకోమని అమ్మ గరిటె ఎత్తితే, సగం చాలని మేమనేవాళ్లం. సగమే అంటామని తెలిసి ఆవిడ ముందే రెట్టింపు ఎత్తేది (అందుకే మా ఇంట్లో ఎవరూ సన్నగా లేరు).

అలాంటి ఇంట్లో పుట్టి నేను కొట్లో కూర్చోనని మొండికేశాను. పెళ్లిళ్లకు వీడియో తీయడం అప్పుడే మా వైపు మొదలైంది. వీడియోవాడు భుజం మీద కెమెరా పెట్టుకుని, వెనక లైటు పట్టుకున్న మనిషితో పెళ్లిపందిట్లోకి నడిచివస్తుంటే, పెళ్లికొడుకు కూడా పక్కకు జరిగి దారిచ్చేవాడు. ఆ దర్జా చూసి మనసు పారేసుకున్నాను. నాన్నను నెలల తరబడి నసపెట్టి కెమెరా, దానితో పాటు రికార్డు చేసే వీసీఆర్ ఒకటి కొనిపించాను. ఆయన కొనిచ్చాడు గానీ ఒక షరతు పెట్టాడు. "ఒరేయ్, ఈ పత్తి సీజను దాటేలోపు నీ కెమెరాకి ఊళ్లో పేరు రావాలి. రాలేదా, దాన్ని అమ్మేసి నువ్వొచ్చి కొట్లో కూర్చుంటావు. ఇదే చివరి మాట" అన్నాడు. మా ఇంట్లో చివరి మాట తర్వాత మామూలుగా ఇంకో మూడు మాటలుంటాయి. ఆ రోజు మాత్రం ఆయన ఇంకేమీ అనకుండా తక్కెడ తుడుచుకోవడం మొదలుపెట్టాడు. నాకు భయం వేసింది.

సీజను సగమైపోయినా పేరు రాలేదు. అప్పుడు తగిలారు పింజ షావుకారు గారు. హైవే మీద జిన్నింగు మిల్లు ఆయనది. పత్తిలోంచి గింజ వేరు చేసే జిన్నులు వరసగా పెట్టి, సీజనులో రాత్రనక పగలనక ఆడించేవారు. ఎప్పుడు చూసినా ఆయన చేతిలో చిటికెడు పత్తి ఉండేది. రెండు బొటనవేళ్ల మధ్య దాన్ని సాగదీసి, పింజ, అంటే పోగు, పొడుగెంతో చూస్తూ మాట్లాడేవారు. చెయ్యి పెట్టి, లాగి, చూడకుండా ఆయన జీవితంలో ఏదీ కొనలేదని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. ఆయన కూతురి పెళ్లి వీడియో కోసం నేనూ వెళ్లాను, గుంటూరు నుంచి పెద్ద స్టూడియోవాళ్లూ వచ్చారు. వాళ్లు ఏ రేటు చెప్పినా నేను ఇంకాస్త కిందికి దిగాను. వాళ్లూ దిగారు. ఇక దిగడానికి మెట్టు లేని చోట, "పేర్లు కంప్యూటర్‌లో వేయిస్తానండీ బాబాయి గారూ" అన్నాను.

ఆయన బొటనవేళ్లు ఆగిపోయాయి. అదేం చేస్తుందని అడిగారు. ఏం చెయ్యమంటే అది చేస్తుందన్నాను. వియ్యంకుడు ఒంగోలు వైపు పొగాకు వ్యాపారి. పెళ్లిమాటల రోజున ఆయన నవ్వుతూనే, పత్తిదేముంది, గాలికి ఎగిరిపోయే సరుకు అన్నారట. అది షావుకారు గారి గుండెలో గింజలా ఉండిపోయింది.

"అయితే పత్తికాయ విచ్చుకోవాలి" అన్నారు నెమ్మదిగా. "అందులోంచి మా అమ్మాయి పేరూ అల్లుడి పేరూ బయటికి రావాలి. పదహారు రోజుల పండక్కి వియ్యాలవారు మా ఇంటికొస్తారు. అప్పుడు వాళ్ల ముందు వెయ్యాలి. అవుద్దా?"

అవుతుందన్నాను. కన్ను కూడా ఆర్పలేదు. ఇంటికి వచ్చి మంచం మీద పడ్డాక మాత్రం చాలాసేపు ఆర్పుతూనే ఉన్నాను.

పెళ్లి బాగానే తీశాను. ఆ తర్వాత కంప్యూటర్ కోసం గుంటూరంతా గాలించాను. చివరికి ఒక మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పే మాస్టారి దగ్గర ఉందని తెలిసింది. ఓడలో పనిచేసే వాళ్ల బావమరిది ఏదో దేశం నుంచి తెచ్చిచ్చాడట. బీరువా అంత యంత్రం ఉంటుందనుకుని వెళ్లాను. మాస్టారు బల్ల మీద బిస్కెట్ల డబ్బా మూతంత వస్తువొకటి పెట్టారు. దాని మీద మీటలున్నాయి. నేను గది నాలుగు మూలలూ చూసి, మిగతాది ఎక్కడుందండీ అని అడిగాను. ఇదే మొత్తం అన్నారు. తేలిగ్గా ఉన్న మూటను చూస్తే మా కొట్లోవాళ్లకు పుట్టే అనుమానమే నాకూ పుట్టింది. ఆయన దాన్ని టీవీకి తగిలించి, పాటలు వినే టేప్‌రికార్డర్‌లో క్యాసెట్టు వేశారు. అందులోంచి పాట రాలేదు. తడిసిన కర్రను రంపంతో కోస్తున్నట్టు ఒక కీచుశబ్దం వచ్చింది. ఆ కీచులోనే లెక్కంతా ఉందనీ, యంత్రం వింటోందనీ, కదలొద్దనీ అన్నారు. నేను ఊపిరి కూడా బిగబట్టాను.

తర్వాత ఆయన నా పేరడిగి మీటలు నొక్కారు. ఇంగ్లీషు అక్షరాల్లో నా పేరు టీవీ నిండా వచ్చింది. ఒకసారి కాదు, పైనుంచి కిందిదాకా, వరస మీద వరస, ఆగకుండా పారుతూ వచ్చింది. ఆ క్షణం ఇవాళ్టివాళ్లకు ఎలా చెప్పాలో నాకు తెలియదు. అప్పటిదాకా టీవీ అంటే ఎక్కడో ఢిల్లీలో కూర్చున్నవాళ్లు పంపింది మనం చూడటం. వాళ్లు పొలం చూపిస్తే పొలం, వాన చూపిస్తే వాన. మనం అటువైపు ఒక్క మాట కూడా పంపలేం. ఇక్కడేమో పెంకుటింట్లో, చాప మీద కూర్చుని ఒక మనిషి అనుకున్నది గాజు వెనక వెలుగుతోంది. నా పేరు నేనే మొదటిసారి చదువుకుంటున్నట్టు నోరు తెరుచుకుని చదివాను. ఎంతసేపు చదివానో గానీ, మాస్టారి భార్య ఇచ్చిన టీ మీద మీగడ కట్టింది.

పత్తికాయ గీయవచ్చు గానీ ఒక చిక్కుందని మాస్టారన్నారు. ఈ యంత్రం సినిమాలా గబగబా కదిలించలేదు. కాయ కాస్త నోరు తెరిచిన బొమ్మ ఒకటి, ఇంకాస్త తెరిచింది ఇంకొకటి, ఇలా ఒక్కో బొమ్మనూ గీతగీతగా, నత్తలాగా గీస్తుంది. అందుకని ఒక బొమ్మ పూర్తికాగానే వీడియో టేపు మీదికి రెప్పపాటు ఎక్కించి, పాజ్ నొక్కి ఆపి, తర్వాతి బొమ్మ గీసేదాకా ఆగి, మళ్లీ రెప్పపాటు వదలాలి. అలా ఎక్కించినవన్నీ కలిపి వేస్తే కాయ దానంతటదే విచ్చుకుంటుంది. పని మధ్యలో ఆగకూడదు. కరెంటు ఒక్కసారి తొణికినా యంత్రం చదువంతా మరిచిపోతుంది, వీసీఆర్ టేపు వదిలేస్తుంది, మళ్లీ మొదటికి రావాల్సిందే.

బొమ్మ టేపు మీదికి ఎక్కించడం నా విద్య కదా అని, ఇంకో రోజు వీసీఆర్‌తో సహా వెళ్లి, కెమెరా భుజానికెత్తి టీవీకి గురిపెట్టాను. తీసింది వేసి చూస్తే, తెర మీద ఒక నల్లటి పట్టీ కింది నుంచి పైకి బద్ధకంగా పాకుతోంది. ఎన్నిసార్లు తీసినా పాకింది. మాస్టారు టీవీ వెనకనుంచి కంప్యూటర్ తీగ పీకి, నా వీసీఆర్‌కు యాంటెన్నా తగిలించే చోట గుచ్చారు. చిన్న చక్రం తిప్పగా తిప్పగా బొమ్మ దొరికింది. "కెమెరా ఎందుకయ్యా? ఆ రెండూ ఒకదాంతో ఒకటి మాట్లాడుకుంటాయి. మధ్యలో మనమెందుకు?" అన్నారు. తరతరాలుగా కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య నిలబడి బతికిన వంశం మాది. మధ్యలో మనిషి అక్కర్లేదనే మాట మా వంశంలో మొదట విన్నది నేనే అనుకుంటాను.

మరి గుంటూరులోనే పని ముగించుకోవచ్చు కదా అని మీరడుగుతారు. షావుకారు గారు ఒప్పుకోలేదు. కళ్లెదుట జరగనిది ఆయన సరుకుగా లెక్కపెట్టరు. యంత్రం మా ఇంటికే రావాలి, నేను చూస్తుండగానే గీయాలి అన్నారు. రంగుల టీవీ ఉన్నది కూడా ఆయనింట్లోనే. మాస్టారికి సెలవు దొరికేటప్పటికి పండగ ముందురోజు వచ్చింది. కంప్యూటర్‌ని దుప్పట్లో చుట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని ఆయన బస్సులో కూర్చున్నారు. కండక్టరు అదేంటని అడిగితే నేను తడుముకోకుండా హార్మోనియం అన్నాను. యడ్లపాడు దాటేదాకా వెనక సీటు పెద్దాయన ఒక భక్తిపాట వాయించమని బతిమాలుతూనే ఉన్నాడు. మాస్టారు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

షావుకారు గారి ఇల్లు మిల్లు ఆవరణలోనే, జిన్నుల షెడ్డుకు ఎదురుగా ఉంటుంది. హాల్లో బల్ల వేసి అన్నీ సర్దాం. ఆ ఇంటి అమ్మగారు వచ్చి కంప్యూటర్‌కు పసుపు రాసి, మీటల వరసకు బొట్లు పెట్టి, హారతి పట్టారు. మాస్టారు అభ్యంతరం చెప్పలేదు. ఆయన కూడా కళ్లు మూసుకుని పెదవులు కదుపుతూ తన ప్రార్థన తాను చేసుకున్నారు. రెండు వైపుల నుంచీ సిఫార్సు పడింది కదా అని నాకు ధైర్యం వచ్చింది.

క్యాసెట్టు కీచుమంది. తెర మీద ఆకుపచ్చ కాయ గీతగీతగా తయారైంది. నేను పాజ్ వదిలాను, నొక్కాను. రెండో బొమ్మ మొదలైంది. ఎదుటి షెడ్డులో ఎవరో ఆగి ఉన్న జిన్నును మళ్లీ ఆడించారు. హాల్లో బల్బు ఎర్రబడింది, స్టెబిలైజరు టకటకమంది, కాయ ఒక్కసారి ముడుచుకుని మాయమైంది. మళ్లీ క్యాసెట్టు వేశాం. ఇంకో జిన్ను మొదలైంది, మళ్లీ పోయింది. మూడోసారి మాస్టారు చెమట తుడుచుకుని, ఇది మన చేతిలో లేదు, ఆ చప్పుడు ఆగితే తప్ప కాదు అన్నారు. అప్పటికి నాకు అర్థమైంది. ఏ మిల్లు గొప్ప చూపించాలని కాయను గీస్తున్నామో, ఆ మిల్లే దాన్ని మింగేస్తోంది.

వరండాలో కూర్చున్న షావుకారు గారి దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. సంగతి చెప్పి, కాసేపు జిన్నులన్నీ ఆపించమన్నాను. ఆయన గేటు వైపు చూపించారు. పత్తి కుక్కిన పెద్ద గోనె బోరేలతో లారీలూ ఎడ్లబండ్లూ హైవే దాకా బారు తీరి ఉన్నాయి.

"ఏరా అబ్బాయ్, సీజన్లో జిన్ను ఆపుతారా ఎవరన్నా?"

నేను బేరం మొదలుపెట్టాను. గంట అన్నాను. అరగంటకు దిగాను. సగం జిన్నులు ఆపినా చాలన్నాను. (చాలదు. కానీ బేరంలో ముందు కాలు లోపల పెట్టాలి.) అమ్మాయి గారి ముచ్చట అన్నాను. ఒంగోలు వియ్యంకుడి నవ్వు గుర్తుచేశాను. నేను వెళ్లిపోతున్నట్టు రెండడుగులు వేసి, వెనక్కి పిలుస్తారేమోనని నెమ్మదిగా నడిచాను. పిలవలేదు. నేనే తిరిగొచ్చాను. మా నాన్న దగ్గర నేర్చుకున్న విద్యలన్నీ అయిపోయాయి. షావుకారు గారు పింజ సాగదీస్తూ, బేరం లేదన్నారు. రేపు వియ్యాలవారి ముందు వట్టి చేతులతో నిలబడ్డం, ఎల్లుండి కెమెరా అమ్మకం, ఆ మర్నాటి నుంచి పప్పుల డబ్బాల వెనక నా బతుకు. అన్నీ వరసగా కనిపించాయి.

ఇదంతా జరుగుతుంటే లోపల మాస్టారు ఊరుకోలేదు. టేపు సంగతి వదిలేసి, ఉత్తినే కాయ ఎంతదాకా వస్తుందో చూద్దామని గీయిస్తున్నారు. నా నస తప్పించుకోవడానికి షావుకారు గారు లేచి హాల్లోకి వచ్చారు. వచ్చి అక్కడే ఆగిపోయారు. రంగుల టీవీలో కాయ సగం విచ్చుకుని ఉంది. ఆకుపచ్చ పెదవులు విడిపోయి, మధ్యలో తెల్లగా, బాగా తెల్లగా, వెలుగుతూ పత్తి. చుట్టూ నల్లటి చీకటి. ఆయన జన్మలో ఎన్ని కాయలు చూసి ఉంటారు! కానీ లోపలి నుంచి దీపం వెలుగుతున్న కాయను ఎవరు చూశారు? ఆయన దగ్గరికి నడిచారు. చెయ్యి దానంతటదే ముందుకు వెళ్లింది, బొటనవేలూ చూపుడువేలూ కలిపి పింజ లాగబోతున్నట్టు. వేళ్లు గాజుకు తగిలేలోపే ఆయన చేతిమీది వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఆయన వేలికి అంటుకుని ఉన్న అసలు పత్తిపోగు ఒకటి ఎగిరి వెళ్లి, సరిగ్గా ఆ కాయ మధ్యలో, గాజుకు అతుక్కుంది.

బల్బు ఎర్రబడింది. కాయ ముడుచుకుంది, పోయింది. నల్లటి గాజు మీద ఆ పోగు ఒక్కటే మిగిలింది.

"పోయిందా?" అన్నారాయన. గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది.

"పోయిందండీ" అన్నారు మాస్టారు. "మళ్లీ మొదట్నుంచీ."

షావుకారు గారు నావైపు కూడా చూడకుండా బయటికి నడిచారు. కోపమొచ్చిందనుకుని నేను తీగలు చుట్టడం మొదలుపెట్టాను. ఇంతలో ఎదుటి షెడ్డులో ఒక జిన్ను ఆగింది. తర్వాత ఇంకోటి. ఒకదాని వెనక ఒకటి ఆగుతూ ఆగుతూ, చివరిది కూడా ఆగాక, చెవుల్లో ఏదో బరువు దించినట్టయింది. చూరు మీద పిచ్చుకల అరుపు వినిపించింది. అవి అక్కడున్నాయని అంతవరకు ఎవరికీ తెలియదు. షావుకారు గారు తిరిగొచ్చి, కుర్చీ వదిలేసి, టీవీ ముందు నేలమీద మఠం వేసుకుని కూర్చున్నారు. నేను ఇన్ని విద్యలు ప్రయోగించినా దొరకనిది అడక్కుండానే వచ్చింది. జీవితంలో అంత పెద్ద రాయితీ నాకు మళ్లీ ఎవరూ ఇవ్వలేదు.

ఇక పని మొదలైంది. మాస్టారు మీట నొక్కుతారు, బొమ్మ గీతగీతగా వస్తుంది, ఆయన తల ఊపుతారు, నేను పాజ్ వదిలి నొక్కుతాను. నా బొటనవేలు తప్ప ప్రపంచంలో ఇంకేమీ లేనట్టుంది నాకు. పని ఆగిందని షెడ్డులోంచి ఆడవాళ్లు వచ్చి కిటికీల దగ్గర గుమిగూడారు. జుట్టు మీదా కనుబొమల మీదా పత్తి నూగుతో అందరూ ముసలివాళ్లలా ఉన్నారు. మేస్త్రీ వాళ్లను కసరడానికి వచ్చి, తానూ కిటికీ పట్టుకుని ఉండిపోయాడు. కాయ ఒక్కో గీతా తెరుచుకుంటోంది. చాలాసేపటికి ఒకావిడ, "మరి ఆ పత్తి ఎవురు తీస్తారయ్యా?" అని నిజంగానే అడిగింది. ఎవరూ నవ్వలేదు. మాస్టారు కూడా ఆలోచనలో పడ్డట్టు కనిపించారు.

మిల్లు చప్పుడు మా ఊరికి ఊపిరి లాంటిది. సీజనులో అది పట్టపగలు ఆగిందంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని అర్థం. ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు. బజారంతా గుప్పుమంది. కొట్లు సగం మూసి జనం బయల్దేరారు. పరామర్శకని భుజం మీద తువ్వాలు సర్దుకుని, మొహం గంభీరంగా పెట్టుకుని గేట్లోకి వచ్చినవాళ్లలో మా నాన్న కూడా ఉన్నాడు. షావుకారు గారు నిక్షేపంగా నేలమీద కూర్చుని ఉండటం, అమ్మగారు పళ్లెం నిండా కాఫీలు పట్టుకుని తిరగటం చూసి వాళ్లకు ఏం చెయ్యాలో తోచలేదు. మా నాన్న కిటికీలోంచి తొంగిచూశాడు. ఊళ్లో పెద్దమనిషి పోయాడనుకుని వస్తే, సొంత కొడుకు ఒక పెట్టె మీద బొటనవేలు పెట్టుకుని, చెమటలు కక్కుతూ కూర్చుని ఉన్నాడు. నన్ను పిలవబోయి ఆగాడు. తెర వైపు చూశాడు.

చివరి బొమ్మలో రెండు పేర్లూ వచ్చాయి. తెలుగులోనే. మాస్టారు గళ్ల కాగితం మీద చుక్కచుక్కగా కట్టుకొచ్చిన అక్షరాలు. ఎక్కించాను. టేపు వెనక్కి తిప్పాను. ప్లే నొక్కాను.

ఆకుపచ్చ కాయ వచ్చింది. అది కదిలింది. ఎవరూ గీయడం లేదు, ఎవరూ నొక్కడం లేదు, దానంతటదే ఒక్క ఊపిరిలో పెదవులు విప్పి, తెల్లగా పొంగి, రెండు పేర్లనూ బయటికి వదిలింది. అంతే. అంతసేపటి పని తుమ్మినంతలో అయిపోయింది. అప్పుడే అయిపోయిందా అని తిడతారేమోనని నేను తల ఎత్తలేదు.

"మళ్లీ వెయ్యి" అన్నారు షావుకారు గారు.

వేశాను. కిటికీల దగ్గర ఆడవాళ్లు ఒక్కసారిగా ఊపిరి పీల్చడం వినిపించింది. ఇక చాలు, జిన్నులు ఆడించమని షావుకారు గారు లేవబోతుంటే, కిటికీ అవతలి నుంచి ఇంకో గొంతు వచ్చింది. ఎన్నడూ ఏ వస్తువునూ రెండోసారి చూడని మనిషి గొంతు, ఏ సరుకునూ బాగుందని ఒప్పుకోని గొంతు.

"ఇంకోసారి వెయ్యరా" అన్నాడు మా నాన్న.

మర్నాడు వియ్యాలవారు వచ్చారు. ఒంగోలు వియ్యంకుడు గారు కాయ విచ్చుకోవడం చూసి, మళ్లీ వేయించుకుని, మళ్లీ వేయించుకుని, పొగాకు ఆకు కూడా ఇలా వస్తుందా అని నన్ను చాటుగా అడిగారు. పెళ్లి క్యాసెట్టులో పెళ్లి మాత్రం ఆ రోజు ఎవరూ చూడలేదు. నేనంత కష్టపడి తీసిన తలంబ్రాలు అలాగే ఉండిపోయాయి. కెమెరా అమ్మే సంగతి మా నాన్న మళ్లీ ఎత్తలేదు. ఆ వారంలో ఒక పొద్దున లేచి చూసేసరికి, కొట్టు ముందుగదిలో ఉప్పు బస్తాలు వెనక్కి జరిపి, గోడకు సున్నం వేయిస్తూ కనిపించాడు. అదెందుకని అడిగితే, నీ పెట్టెలు వానకు తడవవా అని విసుక్కున్నాడు.

ఆ గదిలో చాలా ఏళ్లు పనిచేశాను. మాస్టారు పొగాకు ఆకు గీశారు, మిరపకాయ ఎర్రబడటం గీశారు. తర్వాత పెద్ద పెద్ద యంత్రాలొచ్చాయి, అవీ పోయాయి. ఇప్పుడు నా ఫోనులో వేలు ఆడిస్తే తోటలకు తోటలే పూస్తాయి. నేను వాటివంక చూడను కూడా చూడను. కానీ పత్తి రోజుల్లో ఎప్పుడైనా బస్సులో వెళ్తుంటే, కిటికీ పక్కన చేలో సగం విచ్చుకున్న కాయ ఒకటి కనిపిస్తుంది. ఎవరో పాజ్ నొక్కి మరిచిపోయినట్టు, అది అలాగే ఆగి ఉంటుంది. అప్పుడు ఈ వయసులో నాకు తెలియకుండానే నా బొటనవేలు కిటికీ ఊచ మీద ఒకసారి నొక్కి వదులుతుంది. పక్క సీటువాళ్లు చూస్తారేమోనని చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుని, కాస్త నవ్వుకుని, బస్సు ఇంకొంచెం నెమ్మదిగా పోతే బాగుండుననుకుంటాను.